స్కోలిన్ దిగడానికి ఆరు గంటలు: ఎంజైమ్ లేని ఒక కేసు

కేసు

వయసు 25, తొలి కాన్పు, నెలలు నిండాయి. బరువు 64 కిలోలు. బీపీ, షుగర్, థైరాయిడ్ లేవు. అంతకుముందు ఏ ఆపరేషనూ జరగలేదు. (ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చాను.)

నొప్పులు పడుతుండగా ఉమ్మనీరు పోయి, దానితోపాటే బొడ్డుతాడు జారింది. లేబర్ రూమ్ నుంచి థియేటర్‌కి స్ట్రెచర్ తోసుకొస్తున్నంతసేపూ గైనకాలజిస్టు చెయ్యి లోపలే ఉంది, బిడ్డ తల తాడు మీద పడకుండా పైకి నెట్టిపట్టి. అలాంటప్పుడు వెన్నుకి మత్తు ఇచ్చే వ్యవధి ఉండదు. పూర్తి మత్తే ఇవ్వాలి, అదీ నిమిషంలో.

డ్యూటీలో ఉన్న మా జూనియర్ నిద్రమందు ప్రొపోఫాల్ 130 మిల్లీగ్రాములు, వెంటనే కండరాలని సడలించే స్కోలిన్ 100 మిల్లీగ్రాములు ఇచ్చి ట్యూబు వేసింది. అప్పుడు రాత్రి 2:10. ఆరు నిమిషాల్లో బిడ్డ బయటికొచ్చింది, ఏడ్చింది. బొడ్డు కోశాక తల్లికి నొప్పి మందు ఫెంటానిల్ 100 మైక్రోగ్రాములు పడింది. ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్ మీద ఆపరేషన్ సాఫీగా నడిచింది.

ఆ జూనియర్ చేసిన ఒక మంచి పని చెప్పాలి. అట్రాక్యూరియం సిరంజిలోకి ఎక్కించి పెట్టుకుంది కానీ ఇవ్వలేదు. స్కోలిన్ దిగిన గుర్తు, అంటే ఊపిరి తీసే ప్రయత్నమో చిన్న కదలికో, కనబడ్డాకే తర్వాతి కండర సడలింపు మందు ఇవ్వాలన్నది మా పాత నియమం. హడావిడిలో చాలామంది దాన్ని పక్కన పెట్టేస్తారు. స్కోలిన్ పడి నిమిషం కాకముందే రెండోదీ ఎక్కించేస్తారు. అలా చేసుంటే ఆ రాత్రి తేడా ఏ మందు దగ్గర వచ్చిందో తేల్చుకోవడానికే చాలా సమయం పట్టేది. పది నిమిషాలైంది, పావుగంటైంది, గుర్తు కనబడలేదు. పొట్ట మెత్తగానే ఉండటంతో సర్జన్ కూడా ఇంకో మందు అడగలేదు.

2:50కి చర్మానికి కుట్లు పడుతుండగా గ్యాస్ తగ్గించారు. 3 గంటలకి గ్యాస్ పూర్తిగా కట్టేశారు. ఊపిరి రాలేదు. నాకు ఫోనొచ్చింది. నా క్వార్టర్స్ ఆసుపత్రి ఆవరణలోనే.

థియేటర్‌లో

నేను వెళ్ళేసరికి మోనిటర్ మీద నాడి 132, బీపీ 168/104. ఆక్సిజన్ 100 శాతం. మనిషిలో కదలిక లేదు. నుదురంతా చెమట. కళ్ళకి వేసిన ప్లాస్టర్ కుడివైపు అంచు తడిసి లేచిపోయింది, కింద నుంచి నీళ్ళు కణతల మీదికి కారుతున్నాయి. స్టాఫ్ నర్సు భుజం తట్టి "ఊపిరి తీసుకోమ్మా, గట్టిగా ఊపిరి తీసుకో" అంటోంది.

ఆ నాడి, ఆ బీపీ, ఆ కన్నీళ్ళు చూస్తే మొదట చేయాల్సింది డయాగ్నసిస్ కాదు, నిద్ర పుచ్చడం. మెదడు మేలుకుని ఉంది, ఒళ్ళు మాత్రం రాయిలా ఉంది. ప్రొపోఫాల్ 50 ఇచ్చి, ఇన్ఫ్యూజన్ మొదలుపెట్టాం. తర్వాత ఆమె చెవి దగ్గర వంగి, బిడ్డ బాగుందని, తనకి ఇచ్చిన మందు దిగడం ఆలస్యమవుతోందని, ట్యూబు దానికోసమే ఉంచామని, భయపడొద్దని చెప్పాను. నిద్రమందు ఎక్కిందో లేదో తెలియనప్పుడు ఈ మాటలు చెప్పి తీరాలి. రెండు మూడు నిమిషాల్లో నాడి 96కి దిగింది.

ఆ తర్వాతే కారణం వెతకడం. ఫెంటానిల్ ఎక్కువైందా? ఫెంటానిల్ మత్తులో ఉన్న మనిషికి నాడి 132 ఉండదు, కంటిపాప చుక్కలా ఉంటుంది. ఈమెకి అలా లేదు. కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిందా? క్యాప్నోగ్రాఫ్‌లో 36. షుగర్ 104. ఒళ్ళు చల్లబడలేదు. గుర్రపువాతం కేసు కాదు కాబట్టి, కండరాలని బలహీనపరిచే మెగ్నీషియం ఇవ్వలేదు. మిగిలింది నరానికీ కండరానికీ మధ్య జాగా.

నర్వ్ స్టిమ్యులేటర్ తెప్పించి మణికట్టు దగ్గర అల్నార్ నరం మీద పెట్టాం. వరసగా నాలుగు షాకులు. బొటనవేలు చలించలేదు. మిషనే పనిచేయట్లేదేమోనని నా మణికట్టు మీద పెట్టుకుని చూశాను. నా వేలు నాలుగుసార్లు ఎగిరింది. మళ్ళీ ఆమె చేతికి పెట్టాం. సున్నా. మొహం మీద నరం దగ్గరా సున్నానే. స్కోలిన్ పడి గంట దాటింది, మామూలుగా అది పది నిమిషాలు కూడా నిలవని మందు.

బయట బెంచీ మీద

బయట ఆమె తల్లి, అత్తగారు, భర్త ఉన్నారు. బిడ్డ బాగుంది, తల్లికి ప్రాణాపాయం లేదు అని ముందు చెప్పి, తర్వాత అడిగాను. "అమ్మా, మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక తెలివి ఆలస్యంగా వచ్చిందా? మిషన్ మీద పెట్టాల్సి వచ్చిందా?"

భర్త లేదన్నాడు. అత్తగారు లేదన్నారు. తల్లి కాసేపు ఆగి, "మా చిన్నాన్న కొడుక్కి చిన్నప్పుడు టాన్సిల్స్ తీశారండి. మత్తు ఎక్కువైపోయిందని తెల్లార్లూ మిషన్ మీద పెట్టారు. ఆ డాక్టరు గారు సరిగ్గా ఇవ్వలేదని మావాళ్ళు గొడవ కూడా చేశారు" అంది.

"కాగితం ఏమైనా ఇచ్చారా?"

"ఏమీ ఇవ్వలేదండి."

తర్వాతి ప్రశ్న నేను అడిగే పద్ధతి ఒకటుంది. కులం ఏమిటని నేరుగా అడిగితే మనుషులు బిగుసుకుంటారు, అదీ రాత్రి మూడున్నరకి థియేటర్ బయట. "ఒక మందు పడకపోవడం కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందమ్మా, ఆర్య వైశ్యుల్లో ఎక్కువగా చూస్తాం, అందుకే అడుగుతున్నాను" అని కారణం ముందు చెబుతాను. "మేం వైశ్యులమేనండి. మాది మేనరికం కూడాను" అంది ఆ తల్లి. ఆమెకీ ఆమె భర్తకీ మేనరికమని అర్థం. పేషెంటు తల్లిదండ్రులు ఒకే కుటుంబంలోంచి వచ్చినవాళ్ళు.

ల్యాబ్ రిపోర్టు రాకముందే నాకు డయాగ్నసిస్ దాదాపు ఖాయమైపోయింది.

ఈ మందు ఎలా దిగుతుంది

స్కోలిన్ అంటే సక్సినైల్‌కోలిన్. రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులు వీపులు కలిపి అతుక్కున్నట్టుండే చిన్న అణువు. 1950ల మొదట్లో వాడకంలోకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్నో మందులు వచ్చినా దీని వేగాన్ని సులువుగా కొట్టినది లేదు. నిమిషం లోపు కండరాలన్నీ సడలుతాయి, పది నిమిషాల్లోపు మనిషి మళ్ళీ తన ఊపిరి తాను తీసుకుంటాడు.

ఆ పది నిమిషాల గడువు మందులో ఉన్న గుణం అనుకుంటారు చాలామంది, మా పీజీ పిల్లలతో సహా. మందులో అలాంటిదేం లేదు. దాన్ని విరగ్గొట్టే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ రక్తంలో ఉంటుంది. కాలేయం తయారుచేసి ప్లాస్మాలోకి వదులుతుంది. మన ల్యాబుల్లో ఇంకా పాత పేరుతో సూడోకోలినెస్టరేజ్ అనే రాస్తారు. ఇంజెక్షన్ సిరలో పడ్డ క్షణం నుంచీ ఇది పని మొదలుపెడుతుంది. ఇచ్చిన మందులో పదో వంతు మాత్రమే కండరం దాకా చేరుతుందని లెక్క, మిగతాది దారిలోనే పోతుంది. కాలవలో వదిలిన నీరు చివరి ఆయకట్టుకి చేరేలోపు ఎంత ఇంకిపోతుందో లెక్కేసుకుని ఎక్కువ వదిలినట్టు, కిలోకి ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీగ్రాముల డోసు ఆ నష్టాన్ని కలుపుకునే పెట్టింది.

ఎంజైమ్ లేని మనిషిలో ఆ నష్టం ఉండదు. ఇచ్చిన 100 మిల్లీగ్రాముల్లో అత్యధిక భాగం కండరాల మీదికే వెళుతుంది. తర్వాత రక్తంలో మందు తగ్గితేనే కండరం దగ్గరున్నది వెనక్కి జారుతుంది, అదీ జరగదు. కొంత మూత్రంలో పోవాలి, కొంత తనంతట తాను నెమ్మదిగా విరగాలి. అందుకే గంటలు పడుతుంది. ఆమెకి ఇచ్చింది పుస్తకంలో ఉన్న మామూలు డోసే, ఆమె ఒంటికి మాత్రం అది ఎన్నో రెట్ల డోసు.

ఈ ఎంజైమ్ పుట్టుక నుంచీ లేకపోయినా మనిషికి ఏ లోటూ ఉండదు. తిండి, నిద్ర, చదువు, కాన్పు, ఏదీ ఆగదు. స్కోలిన్, మివాక్యూరియం లాంటి ఒకట్రెండు మందులు ఒంట్లో పడే రోజు దాకా తెలిసే దారే లేదు.

టొరంటోలో వెర్నర్ కలో దీని మీద పనిచేశాడు. 1957లో ఆయన బృందం డైబ్యూకైన్ పరీక్షని ప్రచురించింది. డైబ్యూకైన్ అనే తిమ్మిరి మందు కలిపితే మామూలు ఎంజైమ్ పని 80 శాతం దాకా ఆగిపోతుంది, మార్పు ఉన్న ఎంజైమ్ పని 20 శాతమే ఆగుతుంది. ఒక్కో తల్లిదండ్రి నుంచి ఒక్కోరకం వచ్చినవాళ్ళు మధ్యలో ఉంటారు. ఒకే మందు ఇద్దరిలో రెండు రకాలుగా పనిచేయడానికి జన్యువే కారణమని ఇంత శుభ్రంగా చూపించిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. యూరప్ సంతతి వాళ్ళలో ఆ రకం రెండు వైపుల నుంచీ వచ్చినవాళ్ళు సుమారు 3,000 మందికి ఒకరు.

వైశ్యుల్లో కనిపించేది వేరే మార్పు. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గుర్తించారు. ప్రోటీన్‌లో 307వ స్థానంలో లూసిన్ ఉండాల్సినచోట ప్రోలిన్ ఉంటుంది. అలాంటి ఎంజైమ్ రక్తంలో దాదాపు దొరకదు. కాబట్టి మా పుస్తకాల్లో ఉన్న డైబ్యూకైన్ నంబరు, అంటే ఆ ఆగిన శాతం, వీళ్ళ విషయంలో అక్కరకు రాదు. ఆపడానికి ముందు ఎంజైమ్ అంటూ ఉండాలిగా.

ఎదురుచూపు

ఐసీయూలో పెట్టాం. వెంటిలేటర్, ప్రొపోఫాల్, నొప్పికి తక్కువ మోతాదులో ఫెంటానిల్, కళ్ళకి ఆయింట్‌మెంట్ వేసి కొత్త ప్లాస్టర్. అరగంటకోసారి స్టిమ్యులేటర్. ఇంతే వైద్యం.

ఇంత తక్కువ చేయడం చుట్టూ ఉన్నవాళ్ళకి కష్టంగా ఉంటుంది. "నియోస్టిగ్మిన్ ఇచ్చి చూద్దామా సార్" అని ఒకరు, "ప్లాస్మా ఎక్కిద్దామా" అని ఒకరు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే.

నియోస్టిగ్మిన్ అట్రాక్యూరియం లాంటి మందులకి విరుగుడు. అది కండరం దగ్గర ఎసిటైల్‌కోలిన్‌ని పెంచుతుంది. స్కోలిన్ చేసే పనీ ఎసిటైల్‌కోలిన్ చేసే పనీ ఒక జాతివే కాబట్టి, స్కోలిన్ ఇంకా అక్కడ కూర్చుని ఉండగా ఇస్తే బ్లాక్ తగ్గకపోగా లోతవుతుంది. పైగా కాస్తో కూస్తో ఎంజైమ్ ఉన్నవాళ్ళలో నియోస్టిగ్మిన్ ఆ కాస్తనీ ఆపేస్తుంది.

ప్లాస్మాలో ఎంజైమ్ ఉన్న మాట నిజం. ఎక్కిస్తే బ్లాక్ త్వరగా దిగొచ్చు. కానీ ఈమె ఊపిరిని మిషన్ చూసుకుంటోంది, రక్తస్రావం లేదు, బీపీ నిలకడగా ఉంది. కొన్ని గంటలు మిగుల్చుకోవడానికి ఇంకొకరి ప్లాస్మా, దానితో వచ్చే ఎలర్జీ, ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల సమస్యలు, ఇవి నాకు లాభసాటి బేరంగా కనబడలేదు. వెంటిలేటర్ లేని చోటైతే లెక్క వేరు.

సుగమ్మడెక్స్ గురించి కూడా ఎవరో అడిగారు. అది రోక్యూరోనియం, వెక్యూరోనియంలని చుట్టి పట్టుకునే మందు, స్కోలిన్‌ని ముట్టుకోదు.

5:35కి బొటనవేలు మొదటిసారి లీలగా కదిలింది. 6:20కి నాలుగు షాకులకీ నాలుగు కదలికలు వచ్చాయి, కానీ ఒకదానికంటే ఒకటి చిన్నగా. స్కోలిన్ చాలాసేపు కూర్చున్నప్పుడు, కండరం మీద అది అతుక్కునే రిసెప్టర్ స్వభావమే మారి ఇలా కనిపిస్తుంది, ఫేజ్ 2 బ్లాక్ అంటాం. నియోస్టిగ్మిన్ ఇవ్వాలన్న కోరిక మళ్ళీ పుట్టేది ఇక్కడే, ఎందుకంటే మోనిటర్ మీద బొమ్మ అచ్చం అట్రాక్యూరియం బొమ్మలాగే ఉంటుంది. ఇవ్వలేదు. 7:50కి నాలుగూ సమానమయ్యాయి. ప్రొపోఫాల్ ఆపాం. కళ్ళు తెరిచింది, చెయ్యి గట్టిగా పట్టుకుంది, తల ఎత్తి అయిదు సెకన్లు నిలిపింది. 8:20కి ట్యూబు తీశాం. స్కోలిన్ పడి ఆరు గంటల పది నిమిషాలు.

మిషన్ మీద ఊపిరి అందుతుంటే స్కోలిన్ ఆప్నియా (స్కోలిన్ దిగక ఊపిరి రాకపోవడం) తనంతట తాను ఎవరినీ చంపదు. సగం బలం వచ్చిన మనిషికి ట్యూబు లాగేయడం చంపుతుంది, మనిషి మెలకువగా ఉందని గమనించకపోవడం మనసులో మచ్చ పెడుతుంది.

ఆమెకి ఏం గుర్తుంది

మర్నాడు సాయంత్రం బిడ్డకి పాలు పట్టి కూర్చున్నప్పుడు అడిగాను. "కుట్లు వేస్తున్నట్టు తెలియలేదు సార్. కానీ ఎవరో ఊపిరి తీసుకో తీసుకో అన్నారు. తీసుకుందామంటే రాలేదు. కళ్ళు తెరుద్దామంటే రాలేదు. చచ్చిపోయానేమో అనుకున్నా. తర్వాత మీ గొంతు వినపడింది, పాప బాగుందన్నారు" అంది. నొప్పి గుర్తులేదు. గ్యాస్ తగ్గించినప్పటి నుంచి ప్రొపోఫాల్ పడేదాకా ఉన్న కొద్ది నిమిషాలవి.

బ్రిటన్, ఐర్లండ్‌లలో చేసిన జాతీయ సర్వే 2014లో వచ్చింది. పూర్తి మత్తులో మెలకువ వచ్చిన ఫిర్యాదులు మొత్తం మీద 19,000 కేసులకి ఒకటి ఉంటే, సిజేరియన్లలో సుమారు 670కి ఒకటి. గ్యాస్ తక్కువ, తొందర ఎక్కువ, పైగా కండరాలు కట్టేసి ఉండటం, మూడూ ఇక్కడే కలుస్తాయి. ఈమెని సైకియాట్రీ డాక్టరు రెండుసార్లు చూశారు. మొదటి వారాల్లో నిద్రలో ఉలిక్కిపడి లేచేదట, తర్వాత తగ్గింది. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో బొమ్మ గీసి మరీ చెప్పాం. అది ఎంతో పనిచేసిందని ఆమే అంది.

ల్యాబ్ నుంచి ఫోన్

కోలినెస్టరేజ్ శాంపిల్ పంపిన సాయంత్రం ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "సార్, ఈ బాలింత పురుగుమందు తాగిందా? విలువ అసలు రావట్లేదు. రెండుసార్లు వేశాను. పోలీస్ కేసు రాయాలా?"

అతని తప్పు లేదు. మన జిల్లాల్లో ఈ పరీక్ష అంటే మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ కేసులే. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఇదే ఎంజైమ్‌ని అణిచేస్తాయి, నరాల దగ్గరుండే అసలు ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌నీ అణిచేస్తాయి. క్యాజువాల్టీలో పురుగుమందు తాగినవాళ్ళకి ట్యూబు వేయాల్సి వచ్చి స్కోలిన్ ఇస్తే గంటల తరబడి దిగకపోవడానికి కారణం కూడా ఇదే. వాళ్ళ ఎంజైమ్‌కి పుట్టుకతో ఏ లోపమూ లేదు, మందు అణిచింది. అలాంటి కేసుల్లో రోక్యూరోనియం వాడటం మేలు.

ఆ ఫోన్ వల్ల నాకు ఇంకో భయం పట్టుకుంది. ఈ లోపం ఉన్న కుర్రాడొకడు వాంతులు, విరేచనాలతో క్యాజువాల్టీకి వస్తే, ఎవరో అనుమానంతో కోలినెస్టరేజ్ పంపితే, సున్నా అని వస్తుంది. లేని విషానికి విరుగుడుగా అట్రోపిన్ మొదలవుతుంది, ఇంట్లో గొడవలు మొదలవుతాయి. అలాంటప్పుడు ఎర్రకణాల్లోని ఎసిటైల్‌కోలినెస్టరేజ్ కొలిస్తే చిక్కు విడిపోతుంది. ఈ లోపంలో అది మామూలుగానే ఉంటుంది. పేషెంటుని చూడటం ఇంకా తేలిక. విషం పడ్డవాడికి కంటిపాప చిన్నదవుతుంది, నోట్లో లాలాజలం ఊరుతుంది, ఛాతీ గురగురలాడుతుంది. లోపం ఉన్నవాడికి ఇవేవీ ఉండవు.

గర్భంలో ఈ ఎంజైమ్ అందరికీ కొంత తగ్గుతుంది, కాన్పయ్యాక కూడా కొన్ని వారాలు అలాగే ఉంటుంది. అందుకని రెండు నెలల తర్వాత మళ్ళీ చేయించాం. అప్పుడూ లేదు. తల్లికీ తండ్రికీ మామూలు విలువలో సగం చొప్పున ఉంది. 22 ఏళ్ళ తమ్ముడికి అక్కలాగే దాదాపు సున్నా. అతనికి అప్పటిదాకా ఏ ఆపరేషనూ జరగలేదు. పాపకి వెంటనే చేయించలేదు. పుట్టిన పిల్లల్లో ఈ ఎంజైమ్ సహజంగానే పెద్దవాళ్ళలో సగం ఉంటుంది కాబట్టి అప్పుడు చేస్తే రిపోర్టు చూసి అనవసరంగా బెంగపడతారు. ఏడాది దాటాక రమ్మన్నాం.

పెళ్ళి సంబంధాల ప్రశ్న

రిపోర్టులు తీసుకున్నాక తండ్రి అడిగిన మొదటి ప్రశ్న ఆపరేషన్ల గురించి కాదు. "ఇది బయటికి తెలిస్తే అబ్బాయి సంబంధాలకి ఇబ్బంది అవుతుందా డాక్టరు గారూ?" అన్నాడు. ఇది జబ్బు కాదని, రోజువారీ జీవితానికి ఏ సంబంధమూ లేదని, ఒక మందు వాడకుండా ఉంటే చాలని అరగంట చెప్పాను. ఒప్పుకున్నాడో లేదో తెలియదు గానీ కార్డు మాత్రం తీసుకున్నాడు.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో వైశ్యుల ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. రెండు వేల ఏళ్ళకి పైగా బయటి నుంచి పెద్దగా కలవకుండా లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్న సమూహం. మొదట్లో కొద్దిమందిలో ఉన్న మార్పు అలా వేలమందికి చేరుతుంది. 2017లో వచ్చిన మరో అధ్యయనం వీళ్ళలో ఈ లోపం మిగతా వాళ్ళకంటే సుమారు 100 రెట్లు ఎక్కువని రాసింది. మన మత్తు డాక్టర్లకి ఇది అంతకుముందే అనుభవంలో తెలుసు. తెలుగునాట ఎనస్తీషియా నేర్చుకున్న ఎవరికైనా సీనియర్లు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ఇదొకటి.

అయినా కులం పేరు ఒక్కటే పట్టుకుని నిర్ణయించడం నాకు నచ్చదు. ఇంటిపేరు చూసి ఊహించడం అంతకంటే అధ్వానం. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది, కులాంతర వివాహాలు పెరిగాయి, వేరే రకం మార్పులు అన్ని కులాల్లోనూ ఉన్నాయి. అందరినీ అడగాల్సింది కుటుంబంలో మత్తు చరిత్ర. అదీ డాక్టర్ల భాషలో కాదు. "ఎనస్తీషియా కాంప్లికేషన్స్ ఉన్నాయా" అంటే లేదనే వస్తుంది. "మత్తు ఎక్కువైందని ఎవరినైనా మిషన్ మీద పెట్టారా" అంటే మేనత్తలు, చిన్నాన్నలు, పెదనాన్న పిల్లలు అందరూ బయటికొస్తారు. వైశ్యులని తెలిసినప్పుడు మాత్రం చరిత్ర ఏమీ లేదన్నా స్కోలిన్ పక్కన పెట్టేస్తాను. రోక్యూరోనియం కిలోకి 1.2 మిల్లీగ్రాములు ఇస్తే ట్యూబు దాదాపు అంత త్వరగానే వేయొచ్చు, అది దిగడం ఈ ఎంజైమ్ మీద ఆధారపడదు. ట్యూబు పడకపోతే వెనక్కి తిప్పడానికి సుగమ్మడెక్స్ పక్కన ఉండాలి. చిన్న ఆసుపత్రుల్లో అది ఖరీదని పెట్టుకోరు, అందుకే స్కోలిన్ ఇంకా బతికుంది. ఆ రాత్రి మా థియేటర్‌లోనూ సుగమ్మడెక్స్ లేదు. తాడు జారిన కేసులో మా జూనియర్ స్కోలిన్ ఎంచుకోవడం సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం.

ఈమెకే నొప్పి మందు రాసేటప్పుడు ఇంకో ఎంజైమ్ గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది. వార్డులో అలవాటుగా ట్రమడాల్ రాశారు. కోడీన్, ట్రమడాల్ రెండూ కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ దగ్గర బలమైన రూపంలోకి మారతాయి. కోడీన్ అయితే మార్ఫిన్‌గా మారుతుంది. ఈ ఎంజైమ్ మరీ చురుగ్గా ఉన్న తల్లిలో ఆ రూపం ఎక్కువ తయారై పాల ద్వారా బిడ్డకి చేరుతుంది, బిడ్డ మగతలో పడి ఊపిరి మందగించొచ్చు. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పాలిచ్చే తల్లులకి ఈ రెండూ వద్దంది. పారాసిటమాల్, డైక్లోఫెనాక్‌తో సరిపెట్టాం. స్కోలిన్‌కి ఎంజైమ్ లేకపోవడం ప్రమాదం, కోడీన్‌కి ఎంజైమ్ ఎక్కువ ఉండటం ప్రమాదం. గుండెకి స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్‌కి సీవైపీ2సీ19 అనే ఇంకో ఎంజైమ్ మందకొడిగా ఉండటం ప్రమాదం, మందు మేల్కొనకపోతే స్టెంట్ పూడుకుపోవచ్చు. ఏ మందుని ఏ ఎంజైమ్ చంపుతుందో, ఏ మందుని ఏ ఎంజైమ్ లేపుతుందో తెలియకుండా సైడ్ ఎఫెక్టుల జాబితా బట్టీ పడితే లాభం లేదు.

కార్డు

డిశ్చార్జి సమ్మరీలో రాసి ఊరుకుంటే ఆ కాగితం బీరువాలోకి పోతుంది. కాబట్టి ల్యామినేట్ చేసిన చిన్న కార్డులు ఇచ్చాం, ఆమెకొకటి, తమ్ముడికొకటి. ముందువైపు పెద్ద అక్షరాల్లో తెలుగులో, ఇంగ్లీషులో: "సక్సినైల్‌కోలిన్ (స్కోలిన్), మివాక్యూరియం ఇవ్వరాదు. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ లేదు." కింద పరీక్ష తేదీ, విలువ, మా విభాగం ఫోన్ నంబరు.

కొన్నాళ్ళకి ఆ నంబరుకి ఒక పంటి డాక్టరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. తమ్ముడు జ్ఞానదంతం తీయించుకోవడానికి వెళ్ళి బుద్ధిగా కార్డు చూపించాడు. డాక్టరు గారు భయపడిపోయి, ఏ ఇంజెక్షనూ ఇవ్వనని, పెద్దాసుపత్రికి వెళ్ళమని పంపించబోతుంటే, కుర్రాడే నంబరుకి చేయమన్నాడట. పంటికి ఇచ్చే తిమ్మిరి మందు లిగ్నోకెయిన్ ఎమైడ్ రకం, కాలేయం చూసుకుంటుంది, ఈ ఎంజైమ్‌తో పనిలేదు, నిక్షేపంగా ఇవ్వండి అని చెప్పాను. ఎస్టర్ రకమైన ప్రొకైన్, క్లోరోప్రొకైన్‌లతోనే జాగ్రత్త. పన్ను తీశారు, అరగంటలో ఇంటికి వెళ్ళాడు.

ఆ వారమే కార్డులు వెనక్కి తెప్పించి మళ్ళీ ముద్రించాం. వెనకవైపు ఖాళీగా ఉన్నచోట ఇప్పుడు ఇవ్వదగిన మందులున్నాయి: లిగ్నోకెయిన్, బుపివకెయిన్, ప్రొపోఫాల్, గ్యాస్ మత్తు, ఫెంటానిల్, అట్రాక్యూరియం, రోక్యూరోనియం.